జానెడు మీద మూడు వేళ్లు

చిన్నతల్లి పుట్టింది గజపతినగరం పక్క ఒక మెట్ట ఊళ్లో. చోళ్లూ నువ్వులూ పండే నేల అది. నీళ్లంటే నూతి అడుగున ఉండేవి మాత్రమే అక్కడ. పదిహేనో ఏట పెళ్లయి, నౌపడ స్టేషనుకి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న గుల్లలపాడుకి కాపురానికి వచ్చింది. వచ్చిన మర్నాడు ఇంటి వెనక గట్టెక్కి చూసి, "ఓలమ్మో, ఇంత నీరు ఎవులు తోడీసినారు!" అందట. ఆ మాట చెప్పుకుని అత్తవారింట్లో ఏడాదిపాటు నవ్వుకున్నారు.

ఆవిడ చూసింది తంపరని. వానాకాలంలో కొండల వైపు నుంచి వచ్చే గెడ్డ నీరూ, పోటు సమయంలో సముద్రం నుంచి ఎక్కి వచ్చే ఉప్పునీరూ కలిసి నిలిచే పెద్ద మడుగు అది. ఒక కొసన ఉన్న కాలవ గుండా పాటు వేళకి నీరంతా తిరిగి సముద్రంలోకి లాగేస్తుంది. ఒడ్డున వరిపొలాలు, ఆ పైన ఊరు.

కోడలికి నీళ్ల భయం వదిలించాలని అత్త గురమ్మ చెయ్యి పట్టుకుని తంపరలోకి దింపింది. సున్నం బట్టీలకి గుల్లలు ఏరడం ఆ ఊరి ఆడవాళ్ల పని. నడుం లోతు నీళ్లలో నిలబడి కాలి బొటనవేలితో బురద కెలకాలి. గుల్ల తగిలితే మునిగి చేత్తో తీసి గంపలో వెయ్యాలి. బురద నీళ్లలో కంటికేమీ ఆనదు. "కళ్లు మూసీ, కాలుతో సూడే" అనేది గురమ్మ. నాలుగేళ్లు తిరిగేసరికి తంపర అడుగు చిన్నతల్లికి తన పెరడుకంటే బాగా తెలిసింది. ఎక్కడ ఇసక మేట ఉందో, ఎక్కడ మెత్తటి ఒండ్రు ఉందో, ఎక్కడ ఆలిచిప్పలు అరికాలు కోసేస్తాయో చీకట్లో అడిగినా చెప్పేది.

భర్త దాలయ్య నెమ్మదైన మనిషి. తంపర ఒడ్డున వాళ్లకి మూడెకరాల పల్లం పొలం. ఊరందరి కంటే ముందు నాట్లు పడేది అందులోనే.

1958లో తంపర కాలవకి అడ్డంగా మట్టిరోడ్డు పడింది. ఉప్పు బళ్లు వానల్లో కూడా స్టేషనుకి పోవాలంటే రోడ్డు కావలసిందే. ఊరంతా సంతోషించింది. రోడ్డుకి మట్టి మోసినవాళ్లలో చిన్నతల్లి కూడా ఉంది. అయితే నీళ్లు దాటడానికి రోడ్డు కింద పెట్టింది ఒకే ఒక్క తూము. గెడ్డ తెచ్చిన బురదని అంతకు ముందు పాటు లాక్కుపోయేది. ఇప్పుడు నీరు తూము దగ్గర తచ్చాడి వెనక్కి తిరుగుతోంది, బురద అక్కడే దిగిపోతోంది.

ఇది మొదట కనిపెట్టింది చిన్నతల్లి కాళ్లే. రోడ్డు పడ్డ రెండో ఏడు గుల్లలకి దిగితే, బొడ్డు దాకా రావలసిన నీరు మొలదాకానే వచ్చింది. పాత గుల్లలు కొత్త బురద కింద చచ్చి ఉన్నాయి. మూడో ఏట వానలకి తంపర పట్టలేని నీరు పొర్లి పొలంలోకి ఎక్కింది. ఉప్పునీరు తాగిన వరి ఎండిపోయింది. ఆ తర్వాత ఏటా అదే తంతు. దాలయ్య పొలం, దాని పక్క పొలాలు, మొత్తం అరవై ఎకరాలు బీడుపడ్డాయి.

చిన్నతల్లి బడిపంతులు జగన్నాధం మేష్టారి అరుగు మీద కూర్చుని అర్జీ రాయించింది. 'రోడ్డు పడ్డ తరవాత మా తంపర మూరెడు పూడిపోయినది, తూములు పెంచవలెను' అని. జవాబు రాలేదు. మళ్లీ రాయించింది. అలా తొమ్మిదేళ్లలో పద్నాలుగు అర్జీలు. వేలిముద్ర వేసే బొటనవేలికి సిరా మరక ఉండిపోయిందని ఊళ్లో వేళాకోళం చేసేవారు.

ఎనిమిదో అర్జీకి ఒక ఇంజినీరు వచ్చాడు. పద్ధతైన మనిషి. గట్టు మీద నిలబడి శ్రద్ధగా విన్నాడు. చిన్నతల్లి ఆయన్ని తంపరలో తను పాతుకున్న వెదురు రాట దగ్గరికి దోనెలో తీసుకెళ్లింది. ఏటా బురద మట్టం దగ్గర కత్తితో గాటు పెట్టిన రాట అది.

"సూడండి బాబూ. ఇది మొదటేడు గాటు. ఇప్పుడు బురద ఎక్కడికెక్కిపోనాదో."

ఇంజినీరు రాటని ఒక ఊపు ఊపాడు. కదిలింది.

"బురద పెరిగిందో, నీ రాటే బురదలోకి దిగిందో ఎవరు చెప్పగలరమ్మా? పాత పటాల్లో ఇక్కడి లోతు రాసిలేదు. రుజువు లేకుండా రోడ్డు తవ్వమని నేను రాయలేను."

ఆయన అన్నది అబద్ధం కాదు. అదే చిన్నతల్లిని ఎక్కువ బాధపెట్టింది. మూడో రోజు మేష్టారి అరుగు మీదికెళ్లి తొమ్మిదో అర్జీ రాయించింది.

1968 మాఘమాసంలో నౌపడ స్టేషన్లో ఒక మనిషి పెట్టెలూ గొట్టాలతో దిగాడు. పేరు కూర్మనాథం. శ్రీకూర్మం గుడి సేవలో తరతరాలుగా ఉన్న కుటుంబం వాళ్లది. ఈయన మాత్రం చదువుకుని బొంబాయిలో ఒక పెద్ద పరిశోధనశాలలో ఉద్యోగం చేస్తున్నాడు. సముద్రపొడ్డు మడుగుల్లో ఏడాదికి ఎంత ఒండ్రు చేరుతుందో కొలవడం ఆయన పని. అందుకు సొంత జిల్లాని ఎంచుకున్నాడు. చిన్నతల్లి అర్జీల సంగతి ఆయనకి తెలియదు.

మూడు రోజులపాటు దోనెలో తిరిగి తంపర అడుగున గొట్టాలు దించి బురద తీశాడు. నాలుగో రోజుకి ఊళ్లో పుకారు లేచింది. బొంబాయి ఆయన అణుబాంబు మందు పరీక్షిస్తున్నాడట, తంపరలో కలుపుతున్నాడట, చేపలు చస్తాయట. పాతికమంది గట్టు మీద చేరి దోనె దింపనివ్వలేదు. కూర్మనాథం ఎంత చెప్పినా ఎవరూ వినడం లేదు.

చిన్నతల్లి జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను, నిజం సెప్పండి. తవరు మా తంపరలో ఏటైనా ఏస్తన్నారా, తీస్తన్నారా?"

"తీస్తున్నానమ్మా. వెయ్యడం లేదు."

"మరి అణుమందంటన్నారు?"

కూర్మనాథం గట్టు మీద చతికిలబడ్డాడు. తరగతిలో పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"భూమిలోంచి ఒక వాయువు ఎప్పుడూ పైకి లేస్తూ ఉంటుంది. గాలిలో అది సీసంగా మారుతుంది. మామూలు సీసం కాదు, దానంతట అది తరిగిపోయే సీసం. రేడియోధార్మికత అంటాం దాన్ని. వానతో కిందికి వచ్చి బురదకి అంటుకుంటుంది. కంటికి కనపడనంత కొంచెం. మన తాతల కాలంలోనూ ఉంది. నా మీదా పడుతోంది, మీ మీదా పడుతోంది."

"తరిగిపోడమేటి? సీసం అరుగుతాదేటి?"

"ఈ సీసం అరుగుతుంది. ఇరవై రెండేళ్లకి సగం మిగులుతుంది. ఇంకో ఇరవై రెండేళ్లకి ఆ సగంలో సగం. పైన ఉన్న కొత్త బురదలో నిండుగా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ తక్కువ. ఎంత మిగిలిందో కొలిస్తే ఆ బురద ఏ ఏడాది అక్కడికి చేరిందో లెక్క తేలుతుంది."

అప్పుడు చిన్నతల్లి అన్న మాట కూర్మనాథం జీవితంలో మరిచిపోలేదు.

"అయితే బురద వయసు బురదే సెప్పీస్తాదన్నమాట. రాట అక్కర్నేదు."

"అక్కర్లేదు" అన్నాడు, ఏ రాటో తెలియకపోయినా.

ఆవిడ జనం వైపు తిరిగింది. "ఇన్నారా? ఆ బాబు గొట్టం దించినా దించకపోయినా అది ఉంటాది. వానతో పడ్డాది. వానని ఆపగలమేటి? దోనె ఒగ్గండి!"

దోనె వదిలారు. అసలు కష్టం ఆ తర్వాత తెలిసింది. కూర్మనాథం అంతదాకా తీసిన బురద గొట్టాలు బడి వరండాలో కోసి చూస్తే లోపలంతా ఒకే ముద్ద. పైది కిందికీ కిందిది పైకీ కలిసిపోయి ఉంది. అలాంటి బురదని కొలిచి లాభం లేదు. గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. తల పట్టుకు కూర్చున్న మనిషిని చూసి చిన్నతల్లి విషయం అడిగింది. చెప్పాడు.

"తవరు తీసినకాడల్లా మేం గుల్లలకి కెలికీసినాం బాబూ. మిగిలినకాడ గేదెలు దొర్లుతాయి. కలిసిపోదేటి మరి? ఎవులూ కాలెట్టని సోటు ఒకటున్నాది. రేపొద్దున్న రండి."

తంపరకి ఉత్తరం వైపున ఆలిచిప్పలు గోడకట్టినట్టు గుండ్రంగా పెరిగిన చోటు ఉంది. పదునైన చిప్పలు. గేదె కూడా అటు పోదు. ఆ చిప్పల వలయం లోపల పది అడుగుల మేర మెత్తటి ఒండ్రు. చిన్నతల్లి దాలయ్య టైరు చెప్పులు కాళ్లకి తాడేసి కట్టుకుంది. దోనెని చిప్పల అవతల ఆపించి ముందు తనే దిగింది. వెనక కూర్మనాథం, గుడ్డపట్టీలు చుట్టుకున్న కాళ్లతో అడుగులో అడుగు వేసుకుంటూ.

నీరు నడుం దాకా ఉంది. పొడవైన ప్లాస్టిక్ గొట్టాన్ని ఇద్దరూ కలిసి నెమ్మదిగా బురదలోకి నొక్కారు. పైన రబ్బరు బిరడా బిగించి లాగారు. గొట్టం నీళ్లలోంచి పైకి తేలగానే అడుగునుంచి బురద జారి బుడుంగుమని పడిపోయింది. రెండోసారీ అంతే. కూర్మనాథం ముఖం చిన్నబోయింది.

"ఒక్క సిటం ఆగండి" అంది చిన్నతల్లి. "నీల్లలో ఉన్నంతసేపూ బురద జారదు. పైకొచ్చినాకే జారతన్నాది. నాను మునిగి కింద సెయ్యెట్టీస్తాను, అప్పుడు లాగండి."

ఊపిరి బిగబట్టి మునిగింది. గొట్టం అడుగు బురద వదిలే చోట రెండు చేతులూ పెట్టి, వదలగానే అరచేత్తో మూసేసింది. కూర్మనాథం లాగుతున్నాడు, ఆవిడ అడుగు పట్టుకుని పైకి లేస్తోంది. ఇద్దరి చేతుల మధ్యా గొట్టం నిలువుగా నీళ్లలోంచి వచ్చింది. లోపల బురద ఒక్క చుక్క జారలేదు.

బడి వరండాలో గొట్టాన్ని నిలువునా చీల్చినప్పుడు కూర్మనాథం దాని మీదికి వంగిపోయాడు. బురదలో సన్నటి గీతలున్నాయి. నల్లగీత, బూడిదరంగు గీత, మళ్లీ నల్లగీత. ఏ కాలూ కెలకలేదని ఆ గీతలే చెబుతున్నాయి. పైభాగంలో గీతలు ఎడంగా ఉన్నాయి, కింద దగ్గర దగ్గరగా, పుస్తకంలో కాగితాల్లా.

"చిన్నతల్లమ్మా, ఇంత మంచి బురద నేను బొంబాయిలో చూడలేదు!" అన్నాడు పెద్దగా నవ్వుతూ.

బురదని వేలు మందం ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కా ఒక్కో అడ్డాకు విస్తరిలో పెట్టి, వరస తప్పకుండా వరండా పొడుగునా పరిచారు. ఒక్క ముక్క తారుమారైనా అంతా వృథా. చిన్నతల్లి రెండు పగళ్లు కర్ర పట్టుకుని విస్తళ్ల పక్కన కాపలా కూర్చుంది. కోడిని రానివ్వలేదు, కుక్కని రానివ్వలేదు. చూడ్డానికి వచ్చిన మునసబుగారిని కూడా మెట్టు దగ్గరే ఆపేసింది. అప్పుడే, ఆ విస్తళ్ల పక్కనే, తన పద్నాలుగు అర్జీల కథ కూర్మనాథానికి చెప్పింది.

ఆయన అంతా విన్నాడు. "నేను ఏమీ మాట ఇవ్వలేనమ్మా. లెక్క మీకు అనుకూలంగా రావచ్చు, రాకపోవచ్చు. ఏది వస్తే అదే రాస్తాను."

"అదే రాయండి బాబూ. నాకు కావలిసింది అదే."

ఉత్తరం రావడానికి ఏడాది పట్టింది. 1969 ఫిబ్రవరిలో జగన్నాధం మేష్టారు పెద్ద కవరు పట్టుకుని పొలం గట్టుకే వచ్చేశాడు. ఇంగ్లీషు నివేదిక, ఒక గీతల పటం, తెలుగులో మూడు పేజీల ఉత్తరం. గట్టు మీద నిలబడి ఉత్తరం చదివి వినిపించాడు. రోడ్డు పడక ముందు యాభై ఏళ్లపాటు తంపరలో ఏడాదికి వరిగింజ మందం బురద చేరేది. 1958 ప్రాంతం నుంచి ఏడాదికి బొటనవేలు వెడల్పు దాటి చేరుతోంది. సీసం లెక్క ఒక్కటే కాదు. దేశాలు గాలిలో అణుబాంబులు పేల్చి చూసుకున్నప్పుడు లేచిన దుమ్ము ప్రపంచమంతా రాలింది. 1963లో అన్నిటికంటే ఎక్కువ రాలింది. ఆ దుమ్ము తంపర బురదలో ఎక్కడ నిండుగా ఉందో చూస్తే, అదీ సీసం లెక్కతో సరిపోయింది. రోడ్డు పడ్డాక పదేళ్లలో తంపర పూడిక ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు.

"అంటే ఎంత మేష్టారూ?"

మేష్టారు తన జాన పెట్టి చూపించి, పైన మూడు వేళ్లు ఆనించాడు. "జానెడు మీద మూడు వేళ్లు."

చిన్నతల్లి ముఖం వెలిగింది, మరుక్షణం వాడింది. "మనం మూరెడని రాసినాం."

"అదే గొడవ" అన్నాడు మేష్టారు గొంతు తగ్గించి. "పద్నాలుగు అర్జీల్లో మూరెడని ఉంది. ఇప్పుడీ కాగితం పెడితే, తొమ్మిదేళ్లూ అబద్ధం ఆడారంటారు. నా మాట విను. నివేదిక చూపిద్దాం గాని, కొలత సంగతి ఎత్తొద్దు. అడిగితే మూరెడనే అందాం. పటం చదివేవాడు ఎవడున్నాడక్కడ?"

ఆ సాయంత్రం చిన్నతల్లి సంగతంతా దాలయ్యకి చెప్పింది. "ఏటి సెయ్యమంటావు మావా?"

దాలయ్య ఎడ్లకి గడ్డి వేస్తూ వేస్తూ ఆగాడు. "నీకు మూరెడు కనపడ్డాదా, ఊరికే అన్నావా?"

"కనపడ్డాది. పొలం సచ్చిపోతంటే కోపంలో మూరెడు లాగే కనపడ్డాది."

"అయితే ఆ మాటే సెప్పు. సిగ్గేటి?"

నివేదిక కచేరీకి పంపితే మార్చిలో విచారణ పెట్టారు. నౌపడ బంగళా ముందు చింతచెట్టు నీడలో బల్లలు వేశారు. డిప్యూటీ కలెక్టరు ఒక పక్క, అప్పుడు రాట ఊపి చూసిన ఇంజినీరే ఇంకో పక్క. ఎదురుగా గుల్లలపాడు రైతులు, తంపర అవతలి ఊరి రైతులు. కూర్మనాథం రాలేకపోయాడు. నివేదిక బల్ల మీద ఉంది.

ఇంజినీరు పటం చూసి నుదురు చిట్లించాడు. "అర్జీల్లో మూరెడని ఉందండి. ఈ కాగితంలో జానెడు చిల్లర. రేపు ఇంకో కాగితంలో బెత్తెడంటారు."

జనంలో కొందరు నవ్వారు. మేష్టారు తల దించుకున్నాడు. చిన్నతల్లి లేచింది. కొంగు నడుముకి బిగించింది.

"మూరెడన్నది నానే బాబూ. తప్పన్నాను. పొలం ఎండిపోతంటే కళ్లకి మూరెడు లాగ కనపడ్డాది. తంపర పూడింది జానెడు మీద మూడు వేళ్లు. ఇకమీద అదే నా మాట."

నవ్వులు ఆగిపోయాయి. డిప్యూటీ కలెక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఈ నివేదికలో ఏముందో నీకు తెలుసా అమ్మా?"

"తెల్సు బాబూ. ఆ బురద తీసింది నా సేతుల్తోనే."

"అయితే చెప్పు. సీసం చూసి బురద వయసెలా చెబుతారు?"

"నాగలి కర్రు సూసి అదెన్నేళ్లు దున్నిందో రైతు సెప్పలేడేటి? కొత్త కర్రు బారుగా ఉంటాది, పాతది అరిగిపోతాది. ఆకాశంలోంచి వానతో పడే సీసం కూడా అలాగే అరుగుతాది. మన్ను తగిలి కాదు, దానంతటదే. ఇరవై రెండేళ్లకి సగం. ఎండైనా వానైనా ఆ అరుగుడు మారదు. మీద బురదలో కొత్త కర్రు, అడుగు బురదలో పాత కర్రు. ఏ కర్రు ఎంత లోతున దొరికిందో ఆ గీతలో ఉన్నాది."

రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతదాకా వాళ్లెవరికీ ఆ సంగతి బోధపడలేదు. ఇప్పుడు అందరికీ బోధపడింది.

ఇంజినీరు ముందుకు వంగాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఒకే తుఫానులో గెడ్డ ఈ బురదంతా ఒక్కసారి తెచ్చి పోసిందనుకో. అప్పుడు రోడ్డుది తప్పెలా అవుతుంది?"

ఈ ప్రశ్న ఎవరూ ఊహించలేదు. చిన్నతల్లి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"ఒక్కపాలే పోస్తే ఆ జానెడు బురదకీ ఒకటే వయసుండాలి గదా బాబూ. మీదా కిందా సీసం సమానంగా ఉండాలి. అలాగున్నాదా సూడండి. ముక్క ముక్కకీ తగ్గుకుంటా పోనాది. అరవైమూడో ఏడు బాంబు దుమ్ము ఆ జానెడులో సరిగ్గా సగంలో ఉన్నాది. దాని మీద అయిదేళ్ల బురద, దాని కింద అయిదేళ్ల బురద. ఏటా ఏడుకేడు పడ్డాది. తంపర ముందు కూడా పూడింది, నాను కాదనను. ఏడుకి వరిగింజంత. రోడ్డేసినాక ఏడుకి బొటనేలు దాటి."

సిరా మరకున్న బొటనవేలు ఎత్తి చూపించింది.

ఇంజినీరు పటం తన వైపు లాక్కున్నాడు. జేబులోంచి స్కేలు తీసి గీత మీద ఆనించాడు. పైనుంచి కిందికి, మళ్లీ కిందనుంచి పైకి.

"యాభై ఎనిమిది దగ్గర గీత విరిగిందండి" అన్నాడు చివరికి. "ఈవిడ చెప్పింది సరిగ్గా ఉంది. అప్పుడు నాకు రుజువు లేదు, ఇప్పుడుంది. తూములు పెంచాలని నేనే సిఫారసు రాస్తాను."

జనం ఒక్కపెట్టున లేచారు. ఎవరో ఈల వేశారు. మేష్టారు కండువాతో కళ్లు ఒత్తుకుంటూ, "నా నలభై ఏళ్ల బడిలో ఇలా పాఠం ఒప్పచెప్పినవాళ్లు లేరే చిన్నతల్లీ" అన్నాడు. దాలయ్య జనం మధ్యలోంచి నడిచి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. అందరి ముందూ అలా పక్కన నిలబడడం ఆయనకి అదే మొదలు.

జూన్ మొదటి వానలకి ముందే రోడ్డు కింద నాలుగు కొత్త తూములు పడ్డాయి. అమావాస్య పాటు చూసి, పని జరిగేందుకు కట్టిన మట్టి అడ్డు తీశారు. రెండు ఊళ్లూ రోడ్డు మీదే ఉన్నాయి. తప్పెటగుళ్ల జట్టు గొడుగుల నీడన నిలబడి ఎదురుచూస్తోంది. మొదట నీరు సన్నగా కారింది. తర్వాత గొంతు పెద్దది చేసింది. అడ్డులో మిగిలిన మట్టి పెళ్ల విరిగి పడగానే తంపర నీరు అయిదు తూముల్లోంచీ గర్జించుకుంటూ దూకింది. పదకొండేళ్ల బురద నీటితో పాటు నల్లగా సముద్రం వైపు పరుగుతీసింది. తప్పెట మోగింది. చిన్నతల్లి చీర ఎగ్గట్టి కాలవలోకి దిగింది. నీటి విసురుకి కాళ్లు తేలిపోతుంటే నలుగురు ఆడవాళ్లు చేతులు పట్టుకున్నారు.

"లాగతన్నాదే! ఓలమ్మో, కాళ్లకింద బురద లాగతన్నాది!" అని అరుస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు ఊళ్లో వాళ్లు పదకొండేళ్లుగా వినలేదు.

ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. నేలలో ఉప్పు కడుక్కుపోవడానికి వీలుగా పొలంలో మూడుసార్లు నీరు నింపి మూడుసార్లు వదిలారు. దిగువ ఎకరం అప్పటికీ కోలుకోలేదు, నారు పెట్టినచోటే మాడింది. ఎగువ రెండెకరాలు మాత్రం పచ్చగా లేచి, పుష్యమాసానికి కంకి బరువుకి వంగాయి. కోతనాడు దాలయ్య మొదటి పన కట్టి భార్య నెత్తిన పెట్టాడు. ఊరి గట్టు మీదుగా కళ్లానికి ఆవిడ దాన్ని మోసుకుపోతుంటే అరుగుల మీద ముసలివాళ్లు లేచి నిలబడ్డారు.

కూర్మనాథం నూర్పుళ్ల వేళకి మళ్లీ వచ్చాడు. తంపరలో పాటు పోటు ఆడుతుంటే చూసి మురిసిపోయాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. ఈసారి ఇంకో మూడు మడుగుల్లో బురద తియ్యాలి. ఒకటి బారువ వైపు, రెండు ఇంకా ఎగువన. అక్కడ ఏ చోట కాలు పడలేదో కనిపెట్టే మనిషి కావాలి.

"నేనొక్కణ్ణే వెళితే మళ్లీ ముద్ద బురదే తెస్తాను. మీరు రావాలమ్మా."

చిన్నతల్లి దాలయ్య వైపు చూసింది.

"ఎల్లు" అన్నాడు దాలయ్య. "కుప్ప నాను నూర్పిస్తాను. సూసినాక బేగి వొచ్చీ."

మర్నాడు పొద్దున్నే చిన్నతల్లి నౌపడలో రైలెక్కింది. కిటికీ పక్క కూర్చుంది. ఎదురుగా కూర్చున్న ఒక ముసలమ్మ, ఒళ్లో గుమ్మడికాయ పెట్టుకుని, ఆవిడని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎక్కడికెల్తన్నావు తల్లీ? సుట్టాలింటికేటి?"

"కాదప్పా" అంది చిన్నతల్లి, పక్కన గొట్టాలు పట్టుకుని కూర్చున్న కూర్మనాథాన్ని చూపిస్తూ. "ఈ బాబుకి బురద సూపించాలి. పనిమీద ఎల్తన్నాను."

రైలు కూతవేసి కదిలింది.